ఆగస్టు పదిహేను చీర

"మగ్గం మీద కూర్చునింది నువ్వని ఆడ ఎవురికీ చెప్పబాక. మొగోడికి తలవంపులు" అంది శకుంతలమ్మ, కోడలు పులిహోర డబ్బాకు మూత పెడుతుండగా. హేమశ్రీ తలూపింది. ఎమ్మే చదివినందుకు ఆ ఇంట్లో ఆమెకు దక్కిన హోదా, అత్తగారి మందుల పేర్లు చదివిపెట్టడం.

చెన్నై దారిలోని ఆ పెద్ద చర్చిలో స్వాతంత్ర్య దినం, మేరీమాత పండగ ఒకే రోజు. ఆ రోజు మాతకు జెండా రంగుల అంచు చీర కడతారు. ఈ ఏడు ఆ చీర నేసే పని నగరిలో మరమగ్గాలు నడిపే హేమశ్రీ భర్త రవిచంద్రకు వచ్చింది. మూడు రంగుల అంచులో తామరలు అతని పవర్‌లూమ్‌ల వల్ల కాలేదు. మూలపడ్డ చేతిమగ్గం దులిపి, కుక్కరు కూతల మధ్య నలభై రోజులు నేసింది హేమశ్రీ. ఊరికే కూర్చునే బదులు నెయ్యరాదా అన్నాడతను. ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఆమెకూ ఉండేది.

చర్చిలో గాజు కిటికీ నిండా రంగురంగుల భారతదేశం, గోడ మీద యుద్ధాల్లో పోయిన జవాన్ల పేర్లు. జనగణమనకు అందరితోపాటు నిటారుగా నిలబడి ఆమె గొంతు కలిపింది. అప్పుడు కనబడింది మాత చీర.

తిరగేసి కట్టారు. మగ్గం మీద మంచి వైపు కిందికి ఉంటుంది. సిస్టర్లు అడిగితే రవిచంద్ర, పైనున్నదే మంచి వైపని చూడకుండానే చెప్పుంటాడు. తామరల వెనక వదిలిన పోగులన్నీ వెయ్యిమంది ఎదుట వేలాడుతున్నాయి. తన లోపలి లంగా ఎవరో వీధిలో ఆరేసినట్టు ముడుచుకుపోయింది హేమశ్రీ.

దేశమాతకూ దేవమాతకూ కలిపి నేసిన చేతులివి అంటూ ఫాదర్ రవిచంద్రకు శాలువా కప్పాడు. పక్కనున్న ముసలి సిస్టర్, మీరూ నేస్తారా అని హేమశ్రీని అడిగింది.

"లేదు సిస్టర్. మా ఆయన నేసినాడు. నేను వంట చేస్తా."

వెంట వచ్చిన అత్త ఆమె మోచేయి మెచ్చుకోలుగా తట్టింది. ఆ తట్టుతో హేమశ్రీకి అసలు సిగ్గు ఎక్కడిదో తెలిసింది. నేర్పిన అబద్ధాన్ని తను తడుముకోకుండా, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత తేలిగ్గా చెప్పేసింది. పైగా చిన్నగా నవ్వింది కూడా.

ప్రార్థన అయ్యాక రవిచంద్ర శాలువాతో మాత పక్కన ఫోటోకు నిలబడ్డాడు. హేమశ్రీ ఆ ముసలి సిస్టర్‌ను వెంటబెట్టుకుని అక్కడికి నడిచింది.

"చీర తిరగబడింది సిస్టర్. పిన్నులు తీయండి, సరిగ్గా కడతా."

"దానికేం తెలుసు సిస్టర్" నవ్వాడు రవిచంద్ర. "మగ్గం సంగతి నన్నడగండి."

"అయితే మంచి వైపు యాడుండాదో నువ్వే చూపించు" అంది హేమశ్రీ.

అతను అంచు పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెనక నుంచి అత్త ఆమె కొంగు లాగింది. హేమశ్రీ కొంగు విడిపించుకుని, మొదటి పిన్ను తీసింది.

"ఇందాక అబద్ధం చెప్పినాను సిస్టర్. నేసింది నేను."