గుప్పిట్లో మిగిలిన గింజలు

ఆ బడికి వచ్చిన పెద్దమనుషులంతా మెచ్చుకునేది ఒక్కటే, పిల్లల నిశ్శబ్దం. వాకాడుకు తూర్పున, సముద్రపు హోరు వినిపించే ఊళ్లో ఉండేది ఆ మిషను స్కూలు. అయిదో తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినపడేది. నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్న పిల్లలను చూసి "ఎంత క్రమశిక్షణ!" అని మురిసిపోయేవాళ్లు. పాఠకులారా, ఆ మురిపెం మనకూ తెలియనిది కాదు. మన ఇళ్లలోనూ నోరెత్తని పిల్ల బంగారుతల్లి, ప్రశ్న వేసిన పిల్లవాడు పోకిరి.

కరుణాకుమారికి మాత్రం ఆ నిశ్శబ్దం చూస్తే ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది. నెల్లూరులో ట్రైనింగు ముగించుకుని, ఆ ఏడే తెలుగు టీచరుగా వచ్చింది. పద్యం అప్పజెప్పడానికి తప్ప ఇక్కడ పిల్లల నోరు తెరుచుకోదు. ఒకరోజు ధైర్యం చేసి వరసలు చెరిపేసి, పిల్లలను గుంపులు గుంపులుగా, గుండ్రంగా కూర్చోబెట్టింది.

"మన ఊరికి ఏం కావాలో మీలో మీరు మాట్లాడుకోండి" అంది.

మాట్లాడింది విజయభాస్కర్ ఒక్కడే. బడికి స్థలమిచ్చిన పెద్ద రైతు పద్మనాభయ్య కొడుకు వాడు. తక్కినవాళ్లు తలలూపారు. చేపలు పట్టేవాళ్ల పాళెం నుంచి వచ్చే పిచ్చమ్మ ఆ తల కూడా ఊపలేదు. వరసలు పోయాయి గాని, ఊరు ఊరులాగే ఉంది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడు సంచిలో చింతగింజలు తెచ్చి తలా మూడు పంచింది. ఒక మాట చెప్పినవాళ్లు ఒక గింజ మధ్యలో వేయాలి. గింజలు అయిపోతే ఇక చెప్పకూడదు, వినాలి. విజయభాస్కర్ చిటికెలో మూడూ ఖర్చు చేసి కూర్చున్నాడు. ఆ తర్వాత మొదటికంటే ఘోరమైన నిశ్శబ్దం! ఒక్కరూ నోరు విప్పరు. అందరి గుప్పిళ్లూ బిగుసుకున్నాయి.

గంట కొట్టగానే పిచ్చమ్మ లేచి, ముఖం వెలిగిపోతుండగా చెయ్యి చాపింది. "టీచర్! నా గింజలన్నీ నా కాడే ఉండాయి. నేనే గెలిచినాను!"

కరుణాకుమారికి నవ్వాలో ఏడవాలో తోచలేదు. వామనగుంటలు ఆడి పెరిగిన పిల్లలు. ఆ ఆటలో గింజలు ఎవరి దగ్గర పోగుపడితే వాళ్లదే గెలుపు. మాట ఖర్చు పెట్టినవాడు ఓడినట్టూ, దాచుకున్నవాడు గెలిచినట్టూ వాళ్లకు అర్థమైంది. ఆ పాఠం ఆ పసివాళ్లకు వామనగుంటలే నేర్పాయా, ఊరు కూడా నేర్పిందా?

"ఈ ఆటలో చెయ్యి ఖాళీ అయినవాళ్లదే గెలుపమ్మా" అని ఓపికగా చెప్పింది.

వారం తిరక్కముందే పిచ్చమ్మ మొదటి గింజ వేసింది. "మా పాళెం బావి నీళ్లు ఉప్పన." రెండోది వేసింది. "మీ బావి కాడికొస్తే రానీరు."

ఆ మాట అన్నది విజయభాస్కర్‌ను చూసి. వాడు సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని అమాయకంగా అడిగాడు. "నాయనా, పాళెమోళ్లను మన బావి కాడికి ఎందుకు రానీము?"

ఆ ప్రశ్న పుణ్యమా అని శనివారం బడి కమిటీ కూడింది. అంతకుముందే హెడ్మాస్టరు కృపాదానంగారు కరుణాకుమారిని పక్కకు పిలిచారు. "నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదమ్మా. కమిటీలో ఎవరేమన్నా అననీ, నోరు మెదపొద్దు" అన్నారు. మంచిమనిషే పాపం, భయం ఆయనది. అప్పటినుంచి ఆమె వసారాలో కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఈ గుంపుల్లో కూర్చుని నా కొడుకు చెడిపోతున్నాడు. ఈ గోల మనకొద్దు. పాళెం పిల్లకాయల్ని వసారాలో కూర్చోబెట్టి చెప్పండి. పాఠం ఆడికీ వినపడద్దిలే. ఏం హజరత్తయ్యా?"

పిచ్చమ్మ తండ్రి హజరత్తయ్య పేరుకు కమిటీ మెంబరు. గుమ్మం దగ్గర నిలబడి కండువా నలిపాడు. "పెద్దలు ఎట్ట చెప్తే అట్టే సామీ."

మూలన కూర్చున్న కరుణాకుమారి అరచేతిలో ఏదో గుచ్చుకుంది. తరగతిలో ఏరిన చింతగింజలు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. నెలనెలా ఆమె పంపే డబ్బుకోసం కావలిలో ఎదురుచూసే తల్లికి కష్టం రాదు. అన్నీ తన దగ్గరే ఉంటాయి. "నేనే గెలిచినాను టీచర్!" పిచ్చమ్మ గొంతు చెవిలో గింగురుమంది. ఆమెకు సిగ్గేసింది. పిల్లలకు చెప్పిన ఆట తను ఏనాడూ ఆడలేదు.

లేచి, గింజలు బల్లమీద వేసింది.

"అయ్యా, పాళెం పిల్లల్ని బయట కూర్చోబెడితే నేనూ బయటే కూర్చుని పాఠం చెప్తాను. మీ అబ్బాయి చెడిపోలేదు. ఒక ప్రశ్న అడిగాడు, అంతే. దానికి జవాబు లేకపోవడం వాడి తప్పూ కాదు, పిచ్చమ్మ తప్పూ కాదు."

పద్మనాభయ్య ముఖం ఎర్రబడింది. కృపాదానంగారు కళ్లు మూసుకున్నారు. అప్పుడు గుమ్మం దగ్గర ఒక గొంతు పెగిలింది.

"నా బిడ్డ వసారాలో కూచోదు సామీ" అన్నాడు హజరత్తయ్య. నలిపిన కండువా భుజాన వేసుకున్నాడు. "ఈ మాట ఇందాకే చెప్పాల్సింది."

పద్మనాభయ్య కండువా దులుపుకుని లేచిపోయాడు. కమిటీ ఏమీ తేల్చలేదు. కరుణాకుమారి ఉద్యోగం ఏమవుతుందో తానూ చెప్పలేనన్నారు కృపాదానంగారు. అయినా సోమవారం పిల్లలంతా తరగతిలోనే గుండ్రంగా కూర్చున్నారు. విజయభాస్కర్ కూడా వచ్చాడు.

కాసేపటికి పిచ్చమ్మ ఖాళీ చేతులు చాపింది. "అయిపోయినాయి టీచర్! చెప్పాల్సింది ఇంకా ఉంది."

కరుణాకుమారి ఆ చేతులు పట్టుకుని, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది. "గింజలు లేకపోయినా చెప్పు. మాట దాచుకుని గెలిచినవాళ్లు ఎవరూ లేరమ్మా. మనం దాచుకున్న ప్రతి మాటా, మన నోరు మూయించినవాళ్ల గెలుపే."