పదకొండు వరసల చెవి

ఇంట్లోవాళ్లు ఆమెను కుందేలమ్మ అంటారు. అలాగని ఆమె కుందేళ్లను అమ్మదు. దారంతో కుందేలును ఎలా అల్లాలో వరస వరసా రాసి, ఫోటోలు పెట్టి, ఆ ఫైలును ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఒక్క కుందేలు కుదరడానికి అయిదు నెలలు పట్టింది. పంతొమ్మిదిసార్లు అల్లి పంతొమ్మిదిసార్లు విప్పింది. దాన్ని కాపీ కొట్టడానికి దొంగలకు రెండు రోజులు సరిపోయాయి.

ప్రతి పేజీ మీదా అడ్డంగా తన పేరు వేసింది. చెరిపేశారు. సైటువాళ్లకు ఫిర్యాదు చేసింది. పరిశీలిస్తామన్నారు. వాళ్ల పరిశీలన కంటే నత్త నడక నయం. దాంతో కడుపు మండి ఒక పని చేసింది. అదే కుందేలుకు ఇంకో ఫైలు తయారుచేసి, దొంగలు తిరిగే గ్రూపులో మారుపేరుతో తనే పడేసింది. అందులో రెండు మార్పులు. చెవికి తొమ్మిది వరసలు ఉండాల్సిన చోట పదకొండు రాసింది, చెవి చూసి దొంగను పట్టుకోవచ్చని. రెండోది, ప్లాస్టిక్ కన్ను ఊడకుండా లోపలివైపు బిళ్ల బిగించాలన్న వాక్యాన్ని తీసేసింది. దొంగసరుకు నాలుగు రోజుల్లో కళ్లు ఊడి నవ్వులపాలు కావాలి, అంతే. ఆ రోజు హాయిగా నవ్వుకుంది కూడా. కోపంలో ఉన్న మనిషికి బొమ్మలు కనపడతాయి గానీ, వాటిని నోట్లో పెట్టుకునే పిల్లలు కనపడరు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం వదిన పదినెలల పాపను చంకనేసుకుని వచ్చింది. చాప మీద కూర్చోబెడుతూనే నవ్వింది.

"తిట్టకు. నువ్వు అల్లి ఇచ్చేసరికి దీనికి పెళ్లీడొస్తుందని వీధి చివర కొట్లో కొనేశా. అచ్చం నీ కుందేలే!"

కుందేలమ్మ చేతికి ముందు చెవులే తగిలాయి. వేళ్లు వాటంతటవే వరసలు లెక్కపెట్టాయి. పదకొండు. దొరికాడు దొంగ అనుకుంటూ, గెలిచినదానిలా బొమ్మను ఇటు తిప్పింది. ఒక కన్ను లేదు.

చప్పున చాప వైపు చూసింది. పాప ఏదో నములుతోంది.

"వదినా, దీని రెండో కన్నేదీ?"

"ఉండాలే. పొద్దున చూశా."

"పొద్దున చూశావా, నిన్న చూశావా? సరిగ్గా చెప్పు!"

కుందేలమ్మ పాప నోట్లో వేలు పెట్టి చూసింది. నానిన బిస్కెట్టు ముక్క వచ్చింది. పాప ఏడ్చి, పొలమారి దగ్గింది. ఆ దగ్గుకు ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి. వదిన సంచీ బోర్లించింది. కుందేలమ్మ చాప దులిపింది, గౌను మడతలు వెతికింది. చివరికి పాప కాలి మేజోడు లాగితే, శనగగింజంత నల్లటి కన్ను నేలమీద పడి దొర్లింది.

వదిన పాపను గుండెకు అదుముకుని ఏడ్చేసింది. "ఎవడో దరిద్రుడు! కన్ను బిగించడం కూడా చేతకానివాడు బొమ్మలెందుకు చెయ్యాలి?"

వదిన భయం తీరింది గానీ కుందేలమ్మ భయం ఇప్పుడే మొదలైంది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరికి పరుగెత్తింది.

"అవా? ముప్పయ్యో నలభయ్యో పోయాయమ్మా," అంది కొట్టావిడ. "అందరూ పసిపిల్లలకే పట్టుకెళ్లారు. ఎవరెవరో నాకేం గుర్తు?"

ఇది ఒక్క కొట్టు. ఆ ఫైలు ఎన్ని ఊళ్లకు పోయిందో, ఎన్ని చేతులు అల్లుతున్నాయో ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చి ఫోను తీసింది. అయిదు నెలల కష్టాన్ని, అసలు ఫైలును, ఎవరైనా ఊరికే తీసుకునేలా అన్ని గ్రూపుల్లోనూ పెట్టేసింది. దాని నెత్తిన రాసింది: 'చెవికి పదకొండు వరసలున్న కుందేలు మీ ఇంట్లో ఉంటే పిల్లల దగ్గర్నుంచి ఇప్పుడే తీసేయండి. కళ్లు ఊడతాయి. బిళ్ల బిగించాలన్న వాక్యం కావాలని తీసేసింది నేనే.' ప్రతి పేజీ మీదా అడ్డంగా వేసుకున్న ఆ పేరే కింద పెట్టింది.

వదిన భుజం మీంచి చదివింది. "నువ్వా?"

"దొంగ కోసం పెట్టాను వదినా. పిల్లల సంగతి తట్టలేదు."

వదిన పాపను అవతలి చంకకు మార్చుకుని, ఆమెకు అందనంత దూరం జరిగి, గుమ్మం వైపు నడిచింది.

చెరపకురా చెడేవు అంటారు. చెడేది తానొక్కతే అయితే కుందేలమ్మ ఓర్చుకునేదే.

ఫోను టింగుమంది. ముక్కూ మొహం తెలియని ఎవరో ఫోటో పంపారు. పొడుగు చెవుల కుందేలు, ఒంటికన్ను. 'రెండోది ఎప్పుడు ఊడిందో తెలీదండీ. మా బాబు నిన్నట్నుంచి దగ్గుతున్నాడు.'

'ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఈ క్షణమే' అని రాసింది. మూడుసార్లు తప్పు పడింది. అవతల చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

"ఏమైంది?" అంది వదిన గుమ్మంలో ఆగి. కుందేలమ్మ ఫోను చూపించింది. వదిన గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది.

"చూస్తూ కూర్చున్నావేం? ఫోన్ చెయ్యి!"

చేసింది. అటు రింగవుతూనే ఉంది.