మెహమూద్ పూచీ

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఒక్క నోటీసుతో నూటనలభై మంది కాంట్రాక్టు కూలీలను తీసేశారు. పేపర్లో ప్రకటన చూసి పోతే పని దొరికినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. దొరికిన ప్రతివాడికీ తెలిసిన మనిషి చెబితేనే దొరికింది.

వాళ్లలో ఒకడైన మెహమూద్‌కు తమ్ముడు ఫైసల్ చెప్పాడు. ఫైసల్ లారీ డ్రైవరు. నార్కట్‌పల్లి దగ్గర ఒక ఎరువుల గోదాముకు సరుకు తోలుతాడు. అక్కడ కొత్తవాణ్ని పెట్టుకోవాలంటే పాతవాడు పూచీ పడాలి. కొత్తవాడితో తకరారు వస్తే ఇద్దరూ బయటికే.

అట్లా చేరిన మెహమూద్ మొదటి పూచీ లింగస్వామికి పడ్డాడు. పన్నెండేళ్లు ఇద్దరూ జోడీగా బస్తాలు మోశారు. కూలీలను తీసేసినప్పుడు ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నా నడిపింది లింగస్వామే.

చేరిన రోజే లింగస్వామి ఫ్యాక్టరీ కూలీల వాట్సాప్ గ్రూపులో గోదాము పేరు పెట్టి, ఇంకా ఎనిమిది మందికి జాగా ఉంది, తయారుగా ఉండండి అని రాశాడు. ఆ గ్రూపు ఒకప్పుడు డ్యూటీలు చెప్పడానికి ఫ్యాక్టరీ షిఫ్టు ఇన్‌చార్జి పెట్టింది. అతను అందులో ఇంకా ఉన్నాడన్న సోయి ఎవరికీ లేదు. కూలీలకు కూలీలు తెలిసినట్టే మేనేజర్లకు మేనేజర్లు తెలుసు.

నాలుగో రోజు గోదాము సూపర్‌వైజర్ ఇద్దరినీ పిలిచి ఫోను చూపించాడు. మైకు పట్టుకున్న లింగస్వామి ఫొటో.

"లీడర్ అని తెలిసే తెచ్చినవా?" అని మెహమూద్‌ను అడిగాడు.

మెహమూద్ ఔననబోతున్నాడని లింగస్వామికి అర్థమైంది. ఔనంటే మెహమూద్ పోతాడు, ఆ ఎనిమిది మందికి దారి పోతుంది.

"గాయినకు ఎరుక లేదు సార్. వేరే షిఫ్టు. నేనే దాసి పూచీ పడమన్న."

సూపర్‌వైజర్ మెహమూద్ వైపు చూశాడు.

"ఎరుక లేదు సార్," అన్నాడు మెహమూద్, నేల చూస్తూ.

లింగస్వామి ఒక్కణ్నే తీసేశారు. మెహమూద్ కళ్లు తుడుచుకుంటూ గేటు దాకా వెంట వచ్చాడు. లింగస్వామి అన్నాడు.

"ఏడ్వకు భాయ్. కొత్త గ్రూపు పెట్టుండ్రి. ఇన్‌చార్జి నంబరు ఏసుకోకుండ్రి. నాది గూడ."

దసరా లోపల ఎనిమిది మందీ మెహమూద్ పూచీ మీద గోదాములో చేరారు. లింగస్వామికి మాత్రం పని కబురు చెప్పేవాడు లేడు. ఆ గోదాము గేటు దగ్గర కొత్తవాళ్లను ఒకే మాట అడిగేవారు, లింగస్వామి ఎరుకనా అని.

ఎరుక లేదనే అందరూ చెప్పారు. వాళ్లలో శివకృష్ణ లింగస్వామికి సొంత బామ్మర్ది. అట్లా చెప్పమని పొద్దున బస్సెక్కిస్తూ నేర్పింది లింగస్వామే.