నలభై ఒక్క సంతకాలు

ఆడపిల్లల కాలేజీలోకి వచ్చే ఏడు నుంచి మగపిల్లలను కూడా చేర్చుకుంటారని తెలియగానే పాత విద్యార్థినులందరూ గుండెలు బాదుకున్నారు. బాదుకోవడమూ ఫోన్లోనే. ఏడుపు బొమ్మలు, దండం బొమ్మలు, వాడిన పువ్వు బొమ్మలు పొద్దుటి నుంచి వచ్చి పడుతూనే ఉన్నాయి. తనూ అక్కడే చదివిన కొర్రీ మేడం వాటన్నిటినీ ఓపిగ్గా చూసి, "డిగ్రీలు చదివారు, ఒక్కతికీ ఒక్క వాక్యం రాయడం రాదు," అని ఫోన్‌ను బల్ల మీద బోర్లించింది.

కొర్రీ మేడం అసలు పేరు చాలామంది మరిచిపోయారు. ధ్రువపత్రాలిచ్చే ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు కిటికీ వెనక కూర్చుని, వచ్చిన ప్రతి దరఖాస్తుకీ ఏదో ఒక కొర్రీ వేసి తిప్పి పంపిన ఘనత ఆవిడది. తేదీ తప్పు, సంతకం తేడా, పేరు సరిపోలేదు. జనం కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. పెళ్లి సంబంధాలకు కూడా అలాగే కొర్రీలు వేసి వేసి, చివరికి పెళ్లి మానేసింది. ఆ విషయంలో ఆవిడకు ఏ చింతా లేదు.

నిజానికి కాలేజీ ఉన్నా ఊడినా ఆవిడకు ఒకటే. మేనకోడలి చదువు మాత్రం అలా కాదు. తమ్ముడి కూతురు అక్కడ కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతోంది. ఆ పిల్లకి టెస్ట్ ట్యూబులంటే ప్రాణం. తమ్ముడు మాత్రం మొండి ఘటం.

"ఆడపిల్లల కాలేజీ అంటేనే పంపించానక్కా. మగపిల్లలు అడుగు పెట్టిన రోజు అది ఇంట్లో ఉంటుంది. అంతే," అన్నాడు.

బతిమాలింది, తిట్టింది, నెల రోజులు మాట్లాడటం మానేసింది. వాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి. పాత విద్యార్థినులు కనీసం పాతికమంది శనివారం సాయంత్రం ఐదులోగా సంతకాలతో అభ్యంతరం ఇస్తే, విచారణ ముగిసేదాకా మార్పు ఆపుతామని కాలేజీ నోటీసు పెట్టింది. విచారణంటే తక్కువలో తక్కువ ఏడాదిన్నర. ఆలోగా పిల్ల డిగ్రీ పూర్తవుతుంది. అందుకే, తనకు పొడ గిట్టని ఆ మూకను శనివారం మధ్యాహ్నం కాలేజీ హాల్లో సమావేశపరిచింది.

వచ్చారు. నలభై మంది వచ్చారు. అందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని వచ్చారు. ఆ రంగు తేల్చుకోవడానికి వాళ్లకు నాలుగు రోజులు పట్టింది.

మొదట డాక్టరమ్మ లేచింది. "ఈ గోడలే మనల్ని పెంచాయి," అని మొదలుపెట్టి ముప్పావుగంట ఆ గోడలనే పట్టుకు వేలాడింది. చదివిన మూడేళ్లూ ఈ కాలేజీని జైలని తిట్టిపోసిన మనిషి! తరవాత ఒకప్పటి హాస్టల్ లీడరు గోడ దూకి సినిమాకు వెళ్లిన కథ ఎత్తుకుంది. ఆ గోడ ఏడాదికో అడుగు పెరుగుతోంది. నాలుగడుగుల పిట్టగోడ ఈసారి కోటగోడ అయింది. దూకింది మాత్రం ఈవిడ కాదు. ఈవిడ కింద నిలబడి ఏడ్చింది. కొర్రీ మేడం కళ్లారా చూసింది.

ఆ పైన కాలేజీ భవిష్యత్తు గురించి ఆందోళన మొదలైంది. మెట్ల కింద గంటను ఏం చేస్తారు? బోర్డు మీద పేరు మారిస్తే మన పాత ఫొటోలకు విలువుంటుందా? బ్యాడ్మింటన్ కోర్టులో మగవాళ్ల మరుగుదొడ్లు కడతారట, ఎంత అపచారం! ఇప్పుడు చదువుతున్న పిల్లలేమవుతారని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. అలాంటి పిల్ల ఒకతి వరండాలో గోళ్లు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

సంతకాల కాగితం ఆఫీసువాళ్లు ఇచ్చిందే. మొదటి గడి మీద చీమ తలకాయంత అక్షరాలతో "కాలేజీ రికార్డులో ఉన్న పేరు" అని అచ్చయి ఉంది. కొర్రీ మేడం చూడకుండా ఉంటుందా? చూసింది, పేరు రాసి మొదటి సంతకం పెట్టింది, ఆ సంగతి అందరికీ చెబుదామని లేచి నిలబడింది కూడా.

"ఏమే కొర్రీ, మాకు కూడా కొర్రీలేనా?" అంది హాస్టల్ లీడరు.

హాలంతా గొల్లుమంది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి మరీ నవ్వింది.

కొర్రీ మేడంకు ఒళ్లు మండిపోయింది. మీ మొహాలకు నేను చెప్పాలా, కళ్లున్నాయిగా, చదువుకు చావండి అనుకుని కాగితం పక్కావిడ ఒళ్లో పడేసి కూర్చుంది.

కాగితం హాలంతా తిరిగింది. కొందరు దానితో ఫొటోలు దిగారు. నాలుగున్నరకి తిరిగొచ్చేసరికి నలభై ఒక్క సంతకాలున్నాయి. అడ్డదిడ్డమైన ఆ రాతలు చూడబుద్ధి కాక, నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. కార్లు ఒక్కొక్కటే గేటు దాటాయి. మేనకోడలిని వెంటబెట్టుకుని ఆఫీసు గదికి నడిచింది.

గుమస్తా కుర్రవాడేమీ కాదు, నెమ్మదైన నడివయసు మనిషి. పాత రిజిస్టర్లు ముందేసుకుని, కాగితం మీద స్కేలు పెట్టి, ఒక్కో పేరూ వెతకసాగాడు. మొదటి పేరుకి టిక్కు పెట్టాడు. రెండో పేరు దగ్గర ఆగాడు. మూడోదాని దగ్గరా ఆగాడు.

"ఈ పేర్లు మా దగ్గర లేవండీ," అన్నాడు.

కొర్రీ మేడం తొంగి చూసింది. డాక్టరమ్మ మొగుడి ఇంటిపేరు రాసింది. హాస్టల్ లీడరు పెళ్లయ్యాక అత్తవారు మార్చిన పేరు రాసింది. పైనుంచి కిందదాకా మొగుళ్ల ఇంటిపేర్లే. పుట్టింటి పేరుతో సంతకం పెట్టిన మహాతల్లులు నలుగురంటే నలుగురు, తనతో కలిపి.

ఫోన్ తీసి ఒక్కొక్కరికీ చేసింది. డాక్టరమ్మ ఎత్తలేదు. "బండి నడుపుతున్నానే, సోమవారం చూద్దాం," అంది హాస్టల్ లీడరు. గ్రూపులో పెడితే ఒకావిడ "అయ్యో" అని రాసింది. గడియారంలో ఐదుకి ఏడు నిమిషాలుంది.

"బాబ్బాబు, మనుషులు వాళ్లే. పేరొక్కటే మారింది. మీరే చూశారుగా, అందరూ ఇక్కడికొచ్చారు," అంది కొర్రీ మేడం. ఆ బతిమాలే గొంతు తనదేనని ఆవిడకే నమ్మబుద్ధి కాలేదు.

"నేను చేయగలిగిందేమీ లేదమ్మా. కాగితం మీద స్పష్టంగా రాసే ఉంది. మీరు సరిగ్గానే రాశారు కదా, వాళ్లకి ఒక్కమాట చెప్పి ఉండాల్సింది," అన్నాడతను. వెటకారం లేదు. నిజంగానే జాలిపడ్డాడు. ఐదు కొట్టగానే కాగితం తిరిగి చేతికిచ్చాడు.

వరండాలోకి వచ్చాక పిల్ల అడిగింది. "నువ్వు ముందే చూశావా అత్తా?"

"చూశాను."

"మరి చెప్పలేదా?"

"చెబుదామనే లేచాను. నవ్వారు." ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే ఎంత చిన్న మాటో ఆవిడకు తెలిసింది. సిగ్గుతో తల వంచుకుంది.

మేనకోడలు ఏడవలేదు.

"నీకు వాళ్లంటే గిట్టదు, సరే," అంది. "నేనేం చేశానత్తా?"