మాలలో నాలుగు చుక్కలు

నేను బంతి, చామంతి పండించి అమ్ముకునేటోన్ని. తుర్కయంజాల్ అవుతల మా చెల్క. పొద్దుగాల కోసిన పూలు గంపల ఏసుకొచ్చి దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి ముంగట దుకాణాలకు ఇస్త. ఇన్నేండ్లు పూల నడుమ బతికిన, ఒక్క పువ్వు గూడ నాకు ధైర్యం చెప్పలేదు. నడుమునొప్పి మాత్రం ఇచ్చినయి. అందుకే మా బామ్మర్ది మహిపాల్ పూలచుక్కలు తాగి భయం పోగొట్టుకుంటున్నడంటే నాకు నవ్వు రాలేదు. ఉమ్మెయ్యబుద్ధైంది.

మహిపాల్ నా భార్య భూలక్ష్మికి తమ్ముడు. సిటీ బస్సు డ్రైవరు. నల్లగొండ దిక్కు ఊరి నుంచి వచ్చి ఎల్బీనగర్‌ల కిరాయికుంటడు. బండి నడిపితే కూసున్నోళ్లకు నిద్రవచ్చేటట్టు నడిపేటోడు. అసొంటోన్ని ఒక రాయి పాడు చేసింది.

రెండు వేల పది. తెలంగాణ లొల్లి జోరు మీదున్నది. ఢిల్లీ కమిటీ రిపోర్టు ఏడాది చివరికి వస్తదని అందరు చెవులు నిక్కబొడుచుకుని ఉన్నరు. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో. దసరా అయినంక ఒక పొద్దు ఎల్బీనగర్ చౌరస్తల పోరగాళ్లు విసిరిన రాయి అద్దం పగలగొట్టుకొచ్చి మహిపాల్ ఒళ్లె పడ్డది. తలెంట్రుకలల్ల గాజుపెంకులు. దెబ్బ పెద్దగ తాకలే. కాని ఆ అద్దానికి "జై తెలంగాణ" స్టిక్కరు అంటించిందే మహిపాల్. స్టిక్కరు నడిమిట్ల నుంచే వచ్చింది రాయి.

అప్పటిసంది నలుగురు పోరగాళ్లు ఒక్కకాడ నిలవడితె చాలు, కాలు బ్రేకు మీద పడేది. చెమటకు స్టీరింగు జారేది. ఎన్కనుంచి ప్యాసింజర్లు "ఏందన్నా, ఎడ్లబండి మీద నేర్చుకున్నవా?" అని ఎక్కిరించెటోళ్లు.

కార్తీకంల అయ్యప్ప మాల ఏసుకున్నడు. ఏటేటా ఏసుకునేదే గాని, ఈసారి భయం పోవాలని మొక్కుకుని ఏసుకున్నడు. నల్లబట్టలు, ఉత్త కాళ్లు, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం. మాలల ఉన్నోళ్లను పేరు పెట్టి పిలువొద్దు గనక ఇంట్ల భార్య, డిపోల దోస్తులు, ఆఖరికి నేను గూడ "స్వామీ" అనుడే.

దేవుడే చూసుకునేటోడేమో. మహిపాల్ భార్య సంధ్యారాణి ఆగలేకపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌ల పూలడాక్టరున్నడని, పరీక్షంటె భయపడే పిల్లలంత ఆయన కాడికే పోతరని, జాకెట్లు కుట్టించుకునేతందుకు వచ్చినోళ్లు ఆమెకు చెప్పిండ్రట.

"అన్నా, మీరు రోజు పోయే దిక్కే గద. జర స్వామికి తోడు పోండ్రి" అన్నది. పోయిన.

అది కోచింగ్ సెంటర్ల గల్లీ. కొలువుల నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వక మొఖాలు పీక్కపోయిన పిల్లలు మెట్ల మీద కూసున్నరు. పైన గది గోడలకు తెల్లోళ్ల దేశం పూలబొమ్మలు. బల్ల మీద ప్లాస్టిక్ గులాబి, దుమ్ము పట్టి. పూలడాక్టరు గదిల వాసనున్న పువ్వు ఏదన్న ఉంటే అది నా గంపల మిగిలిందే.

డాక్టరు పేరు చక్రపాణి. చూడంగనే గుర్తువట్టిన. మా పక్కూరోడు. ఇంతకుముందు నీళ్లు శుద్ధి చేసే డబ్బాలు అమ్మిండు, దానికి ముందు పొట్ట తగ్గే పొడి. నన్ను గుర్తువట్టనట్టే కూసుండి, టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడవట్టిండు.

"మీ భయానికి పేరుందా స్వామీ? పేరున్న భయానికి ఒక పువ్వు, పేరులేని భయానికి వేరే పువ్వు."

"రాళ్లు" అన్నడు మహిపాల్.

"రాళ్లు కాదండీ. వాటి వెనకాల ఉన్నదేమిటో చూడాలి."

"ఎన్కాల పోరగాళ్లున్నరు సారూ" అన్న నేను.

చక్రపాణి నా దిక్కు చూడలే. సొరుగుల నుంచి నా బొటనవేలంత సీసా తీసిండు. ఐదు పూల సారమట. గుండె దడ వచ్చినప్పుడు నాలుగు చుక్కలు నాలుక కింద ఏసుకోవాల్నట.

మహిపాల్ చేతులు జోడించిండు. "సార్, మాలల ఉన్న. ఇందుల ఏమన్న కలిసుంటదా?"

"శుద్ధమైన పూలసారం స్వామీ. నీళ్లలో పూల జ్ఞాపకం ఉంటుంది, అంతే. అభిషేకానికి కూడా పనికొస్తుంది."

పూల జ్ఞాపకమట. నా చామంతులు పొద్దూకేసరికి వాడి రాలుతయి. వాటిని ఎవరు కోసిండ్రో వాటికే యాదుండదు, ఏ ఊరోని భయమో వాటికేం యాదుంటది?

మహిపాల్ ఆ సీసాను దేవుని పటం ముంగట పెట్టి మొక్కి జేబుల ఏసుకున్నడు. డిపోల నుంచి బస్సు తీసినంక, చౌరస్త రాకముందు సిగ్నల్ కాడ చుక్కలు ఏసుకునుడు అలవాటు చేసుకున్నడు.

"బావా, ముందుగాల గొంతుల ఎచ్చగైతది. మెల్లగ గుండె సల్లవడ్తది."

"మస్తుగ సల్లవడ్తున్నది స్వామీ. నిన్న పచ్చలైటు పడి ఆటో ఎన్క ఆటో పోయినా నువ్వు కదలలేదట."

"అది శాంతం బావా. నీకు తెల్వది."

నాకు తెల్వదు. గంపెత్తుకుని నా తొవ్వ నేను వట్టిన.

డిసెంబరు నెలాఖరుకు వచ్చింది. రిపోర్టు దగ్గరవడ్డది. ఆ పొద్దు చౌరస్తల స్టూడెంట్ల ఊరేగింపున్నదని ముందే తెలిసింది. మహిపాల్‌కు భయం సిగ్నల్ దాక ఆగలే, డిపో గేటు కాన్నే పట్టుకున్నది. గేటు పక్కకు నిలవడి సీసా తీసిండు. నాలుగు చుక్కలకు తృప్తి కాక నోట్లె వంపుకున్నడు. అట్లనే లోపటికి పోయి ఊదుడు మిషన్ ముంగట నిలవడ్డడు.

డ్యూటీ ఎక్కేముందు ప్రతి డ్రైవరు దాంట్ల ఊదాలె. తాగొచ్చినోడైతె అది కూత పెడ్తది. మహిపాల్ ఊదంగనే పెట్టింది.

నాకు ఫోను వచ్చేసరికి గుడి ముంగట బంతిపూలు తూకమేస్తున్న. పూలను దుకాణపామెకు ఒప్పజెప్పి, ఖాళీ గంపతోటే ఆటో ఎక్కిన.

మహిపాల్ డిపో గోడ కింద కూసున్నడు. ఉత్త కాళ్లు మట్టిల పెట్టుకుని, తల ఎత్తుతలేడు. పోయేటోడు వచ్చేటోడు ఒక మాట ఇసిరి పోతున్నరు.

"స్వామీ, ఇరుముడిల కొబ్బరికాయ ఉన్నదా, క్వార్టరున్నదా?"

"మాకు గూడ జర ప్రసాదం పెట్టు స్వామీ!"

కంట్రోలర్ పట్టాభి కృష్ణా జిల్లా మనిషి. వచ్చి ఇరవై ఏండ్లైనా యాస మారలేదు. బల్ల మీద రిపోర్టు కాగితం పెట్టుకుని కూసున్నడు.

"ఏమయ్యా, నువ్వు వీడి బావవా? మాలలో తాగొచ్చినవాణ్ణి నా సర్వీసులో ఇప్పుడే చూడటం. ఇది పైకి పంపానంటే సస్పెన్షనే. మేనేజరుగారు వచ్చేదాకా ఆపుతాను. ఈలోగా ఏం తాగాడో వాడి నోటితోనే చెప్పమను."

నేను మహిపాల్ కాడికి పోయిన. "ఏం తాగినవ్ స్వామీ?"

"ఏం తాగలే బావా. అయ్యప్ప మీద ఒట్టు. పూలచుక్కలు, అంతే."

సీసా తీసుకున్న. మూత తీసి వాసన చూసిన. మా దిక్కు పెండ్లి పందిట్ల తెల్లార్లు ఉండే వాసన. ముక్కున్నోనికి ఎవనికైన తెలుస్తది. మాలల ఉన్నోడు, పూలని నమ్మినోడు ముక్కును పక్కకు పెట్టిండు.

"ఇది బ్రాందీ" అన్న.

మహిపాల్ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టిండు. "అట్లనకు బావా. నీ కాళ్లు మొక్త. బ్రాందీ అయితె నా మాల ఏమైతది? ఇన్నొద్దుల సంది తాగుకుంట మొక్కుతున్ననా నేను?"

"బ్రాందీ కాకుంటె నీ కొలువు ఏమైతది?"

"పోనీ. తాగుబోతని రాసుకోనీ. దేవునికి తెలుసు."

చుక్కలల్ల బ్రాందీ ఉన్నదని, తెల్వక తాగిన్నని ఒప్పుకుంటె కొలువు నిలుస్తది, మాల పోతది. పూలే అని మొండికేస్తె మాల మెడల ఉంటది, పిల్లల నోట్లె మట్టి పడ్తది. బొటనవేలంత సీసాతోటి మనిషిని ఇంత ఇరుకున పెట్టొచ్చని నాకు ఆ పొద్దే తెలిసింది.

చక్రపాణి కాడికి పోయిన. బయట గదిల నల్లబట్టల స్వాములే ముగ్గురు కూసున్నరు. లోపటికి పోయి జరిగింది చెప్పిన. "డిపోకు వచ్చి ఇందుల బ్రాందీ ఉన్నదని ఒక్క మాట చెప్పు. మా పిలగాని కొలువు నిలుస్తది."

"అది బ్రాందీ కాదండీ. పూలసారం చెడిపోకుండా కలిపేది."

"ఏంది కలిపేది?"

"ద్రాక్షపళ్ల నుంచి తీసిన ఒక..."

"ద్రాక్షపండ్ల నుంచి తీసింది ఏందని అడుగుతున్న" అన్న గట్టిగ.

చక్రపాణి లేచి తలుపు మూసిండు. టీవీ భాష అక్కడ్నే కిందవడి పలిగింది.

"ఐలన్నా, నీ కాల్మొక్త, జర మెల్లగ మాట్లాడే! బయట స్వాములున్నరు. ఒక్కడు ఇన్నడంటె నన్ను సంపుతరు."

"నేను యాదికొచ్చిన్నా?"

"మనూరి దిక్కు మనిషివి, ఎట్ల మర్చిపోత? గీ ఒక్క పని చెప్పకు. నేను రాను. వస్తె నా దుకాణం మూతవడ్తది." మళ్ల కుర్చీల కూసుండి, కొత్త సీసా తీసి, సీలు గూడ ఇప్పకుంట నా చేతిల పెట్టిండు. "మీరు కోపంలో ఉన్నారు. ఇది తీసుకోండి, మనసు కుదుటపడుతుంది."

నాకు పూలచుక్కలిచ్చి, ఆయన జేబులకెల్లి గుట్క పొట్లం తీసి పళ్లతోటి చింపుకున్నడు. తన భయానికి తన పువ్వు పనికిరాలే. ఇప్పుడాయన పూలు ఇడిచిపెట్టి రంగురాళ్లు అమ్ముతున్నడని ఇన్న. అది వేరే సంగతి.

సీలు సీసా పట్టుకుని డిపోకొచ్చిన. చక్రపాణి గదిలకెల్లి బయటకొస్తుంటె ఆ ముగ్గురు స్వాములకు చెప్పే వచ్చిన. గొడవేంజెయ్యలే. మీకిచ్చే సీసా మూత ఇప్పి వాసన చూడుండ్రి స్వామీ అన్న, అంతే.

పట్టాభి బల్ల ముంగట నిలవడ్డ. "సార్, ముందుగాల నన్ను ఊదనియ్యి."

"నువ్వు దేనికయ్యా?"

"ఊదనియ్యి సార్."

ఊదిన. మిషన్ సప్పుడు చేయలే. అందరు చూస్తుండంగ సీలు ఇప్పి చుక్కలు నాలుక కింద ఏసుకున్న. మళ్ల ఊదిన. కూత పెట్టింది. ఎక్కిరించిన డ్రైవర్లంత సీసా చూసేతందుకు బల్ల చుట్టు మూగిండ్రు.

"ఓరి నీ పూలు తగలెయ్య" అన్నడు పట్టాభి. సీసా ముక్కు కాడ పెట్టుకుని చూసి, మహిపాల్ దిక్కు తిరిగిండు. "నీ బావ ఊదింది నేను రాసుకోలేను. నువ్వు చెప్పాలి. పొద్దున నువ్వు తాగిందేంటి?"

మహిపాల్ లేచి నిలవడ్డడు. మెడల మాల పూసలు పిడికిట్ల పట్టుకున్నడు. చుట్టు నిలవడ్డ, తన లెక్కనే మాలేసుకున్న డిపో డ్రైవర్ల మొఖాలు చూసిండు. నేను తల పక్కకు తిప్పుకున్న.

"బ్రాందీ సార్" అన్నడు. "తెల్వక తాగిన. బ్రాందీనే తాగిన."

పట్టాభి ఇంకోసారి ఊదమన్నడు. నోరు కడుక్కుని ఊదితె మిషన్ కిక్కురుమనలే. కాగితం చింపి కింద బుట్టల ఏసిండు. "మధ్యాహ్నం మూసారాంబాగ్ బండి ఖాళీగా ఉంది. తీసుకుపో. ఇంకోసారి పూలంటే మాత్రం నేనే రాళ్లేస్తా."

సీతారాములని డిపోల పెద్ద డ్రైవరు, వాళ్లకు గురుస్వామి. అయ్యప్ప పటం ముంగట ఆయనే మాల తీసిండు. "తెల్వక జరిగింది, వచ్చే ఏడు మళ్ల ఏద్దాం" అన్నడు. మహిపాల్ ఏడ్వలే. ఎవరో ఇచ్చిన పాత చెప్పులు తొడుక్కుని బస్సెక్కిండు. నేను ఖాళీ గంప ఒళ్లె పెట్టుకుని ముందు సీట్ల కూసున్న.

"స్వామీ, జర మెల్లగ పోనీ" అన్న అలవాటు మీద.

"నన్ను స్వామి అనకు బావా."

చౌరస్త ముందర సిగ్నల్ కాడ ఊరేగింపు ఎదురైంది. రోడ్డు నిండ పోరగాళ్లు, జెండాలు. ఒకడు బస్సు ముందటి బంపరు మీదికెక్కి అద్దం కొడ్తున్నడు. మహిపాల్ చెయ్యి జేబులకు పోయింది. ఏంలేదు. మెడ మీదికి పోయింది. ఆడ గూడ ఏంలేదు. మాలల ఉన్నన్ని దినాలు ఒక్క తప్పుడు మాట రాలేదు ఆ నోట్లెకెల్లి. కిటికీల నుంచి తల బయట పెట్టిండు.

"ఏ పొట్టెగాళ్లు! జరుగుండ్రిరా! మీ అయ్యలు కొన్నరా గీ తొవ్వ? మీ మూతి మీద మీసం రాకముందు సంది జై తెలంగాణ అంటున్న నేను! ఇంకొక్క రాయి నా అద్దానికి తాకిందనుకో, ఇంటిదాక తోల్కొచ్చి మీ అర్రల పెడ్త బస్సు!"

బంపరు మీదోడు నోరు తెరిచిండు. తర్వాత నవ్విండు. "అన్న మనోడే రా! తిట్లు సూడుండ్రి, అసల్ నల్లగొండవి! ఇడువుండ్రి, ఇడువుండ్రి!"

తొవ్వ వచ్చింది. మహిపాల్ గేరు ఏసిండు. ఇంకా తిడ్తనే ఉన్నడు. పోరగాళ్లతో మొదలువెట్టి, చక్రపాణి దాక వచ్చి, ఆయన ఐదు పూలను ఒక్కొక్కదాన్ని పట్టుకుని తిట్టవట్టిండు. నేను స్టీరింగు దిక్కు చూసిన. చేతులు ఇంకా వణుకుతున్నయి. తిట్లు మాత్రం వణుకుతలేవు.