తొక్కని రెండో బేస్

మార్చి పదమూడు. ఆ పొద్దున రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాను. నా భార్య పోయినప్పటి నుంచీ గుడ్డు పెంకు మా అమ్మాయే ఒలిచి పెడుతోంది. నా వేళ్ల నొప్పి సంగతి తనకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఆమె కాలేజీ సాఫ్ట్‌బాల్ జట్టుకు కోచ్. ఆ రోజు ఓడితే వచ్చే ఏడు జట్టే ఉండదని ప్రిన్సిపాల్ చెప్పేశారు. రావలసిన అంపైర్ జ్వరంతో పడ్డాడు. ఒకప్పుడు అంపైరింగ్ చేసినవాణ్ణని రెండు జట్లూ ఒప్పుకుని నన్ను నిలబెట్టాయి.

"నాన్నా, మొహమాటపడకు."

"నీ దగ్గర ఎప్పుడు పడ్డానే?"

ఆఖరి ఇన్నింగ్స్‌కి స్కోరు సమం. బంతి దూరంగా వెళ్లింది. అవతలి జట్టు పిల్ల మొదటి బేస్ నుంచి పరుగందుకుని, రెండోదాన్ని తొక్కకుండా జానెడు పక్కగా దాటేసింది. నేను చూశాను. మూడోది తొక్కింది, హోమ్ చేరింది. ఇలాంటప్పుడు అంపైర్ తనంతట తాను నోరు విప్పకూడదు. ఫీల్డింగ్ జట్టు, అంటే మా అమ్మాయి జట్టు, మైదానం వదిలేలోగా బేస్ తొక్కలేదని అడగాలి. అడిగితే ఔట్. అడగకపోతే పరుగు పరుగే.

మా అమ్మాయి జట్టు పిల్లలు తలలు దించుకుని వెళ్తున్నారు. రెండో బేస్ కాచే పిల్ల ఆగి, బేస్ వంక చూసింది, నా వంక చూసింది. నా మొహంలో ఏం కనబడుతుందోనని లేసు కట్టుకునే నెపంతో వంగాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. లేచేసరికి ఎవరో ఆ పిల్లను చెయ్యి పట్టి లాక్కుపోతున్నారు. అందరూ గీత దాటాక ఆట ముగిసిందని చెయ్యెత్తాను. ఎత్తడానికి చాలా ఓపిక కావలసి వచ్చింది.

రాత్రి అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడింది.

"బస్సులో మా పిల్ల ఒకటే ఏడుపు, అనుమానమొచ్చీ అడగలేదని. అవతలి పిల్ల బేస్ తొక్కిందా నాన్నా?"

"లేదు."

"చూశావా?"

"కళ్లారా."

"నేను బంతినే చూస్తూ కూర్చున్నా. కోచ్‌నట, కోచ్!"

"అందరూ బంతినే చూస్తారమ్మా. కాళ్లు చూసే పని నాది."

నవ్వబోయి మానేసింది.

"మా పిల్లకి తొక్కిందనే చెప్తా. నిద్రన్నా పోతుంది."

"నా దాకా వస్తే అబద్ధమాడలేను."

"రానివ్వనులే. పడుకో."

కోపమొస్తే తలుపు విసిరికొట్టడం తనకు చిన్నప్పటి అలవాటు. ఆ రాత్రి మాత్రం దీపం ఆర్పి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.