చెయ్యి దించేదాకా

"మీ నాన్నకి పొద్దున మాట తడబడిందే. చేతిలో గ్లాసు జారిపోయింది. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే నామీద ఇంతెత్తున లేచారు. నువ్వొచ్చి చెప్పు," అంది అమ్మ ఫోన్లో. నేను చెబితే వినే మనిషేనా! అయినా ఆఫీసులో సెలవు చెప్పి పరిగెత్తాను.

నాన్నది కాఫీ గింజలు వేయించి అమ్మే చిన్న కొట్టు. ముందు గదిలో త్రాసు, వెనక గదిలో గ్యాసు మంట మీద తిరిగే ఇనప డ్రమ్ము. వీధిలో అందరికీ ఆయన చెవులాయన. గింజలు వేగాయో లేదో రంగు చూసి కాదు, చెవితో విని చెబుతాడు. అమ్మ మాటలు తప్ప అన్నీ వినిపించే చెవులవి.

గింజలు వేడెక్కి ముందు టపటపా పగులుతాయి. ఆ చప్పుడు ఆగి, కాసేపటికి సన్నగా చిటపట మొదలవుతుంది. అంతదాకా ఉంచితే మాడినట్టే. ఆ రెండు చప్పుళ్ళకీ మధ్య దించాలి. అందుకే మొదటి టపటప వినపడగానే నాన్న చెయ్యెత్తుతాడు. అది దిగేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. చిన్నప్పుడోసారి తుమ్మినందుకు నా వీపు విమానం మోత మోగింది.

"నాన్నా, పద, డాక్టర్‌కి చూపించుకుందాం," అన్నాను వెళ్తూనే.

"మీ అమ్మ గోరంత కనిపిస్తే కొండంత చేస్తుంది. ఈ వాయి దించనీ. ఆ తర్వాత యముడి దగ్గరికైనా వస్తా."

మాట బాగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అమ్మా నేనూ వెనక బస్తాల మీద కూర్చున్నాం. నాన్న మాకు వీపు పెట్టి, డ్రమ్ము ముందు స్టూలు మీద పక్క గోడకానుకుని కూర్చున్నాడు.

టపటప మొదలైంది. నాన్న చెయ్యెత్తాడు.

ఎడమ చెయ్యి. ఎప్పుడూ కుడి చెయ్యెత్తే మనిషి ఇవాళ ఎడమ చెయ్యెత్తాడేమిటా అనుకున్నాను. అడిగే ధైర్యం ఎక్కడిది?

చప్పుడు తగ్గింది. ఆగింది. ఇప్పుడు పిడి లాగి గింజలు పళ్ళెంలోకి దించాలి. నాన్న లాగలేదు. అమ్మ నావంక చూసింది. నేను అమ్మవంక చూశాను. చెయ్యి అలాగే గాల్లో ఉంది. కమ్మటి వాసన పోయి కమురు మొదలైంది. అమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. ఇద్దరు పిల్లల తల్లిని, ఆఫీసులో అందరినీ దులిపేసేదాన్ని, ఆ చేతిని చూసి బస్తా మీంచి లేవలేకపోయాను.

సన్నగా చిటపట మొదలైంది. గదంతా పొగ కమ్ముకుంది.

"నాన్నా!" అని అరిచాను.

"ష్!" అంది అమ్మ అలవాటుగా. అన్నాక తనే ముందు లేచి పరిగెత్తింది.

నాన్న మూతి ఓ పక్కకి జారిపోయి ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో చచ్చుపడి ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. ఏదో అనబోయాడు, గాలి తప్ప మాట రాలేదు. ఆ చెయ్యి మమ్మల్ని మాట్లాడొద్దనలేదు. రమ్మంటోంది.

గ్యాసు కట్టేసి, పక్క కొట్టాయన కార్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

"ఇలా అయ్యి ఎంతసేపైంది? ప్రతి నిమిషమూ ముఖ్యమే," అంది డాక్టరమ్మ.

"గింజలు మొదటిసారి పగిలినప్పుడండీ," అంది అమ్మ. "మాడిపోయాక చూశాం."

"అంటే? అంతసేపూ దగ్గర ఎవరూ లేరా?"

"ఉన్నామండీ. చూస్తూనే ఉన్నాం."

ప్రాణానికి ఫర్వాలేదట. మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేరట.

సాయంత్రం దుప్పటి మీద నాన్న ఎడమ చెయ్యి కాస్త లేచింది.

"ఏంటండీ?" "ఏం కావాలి నాన్నా?" ఇద్దరం ఒక్కసారే అరిచాం. నర్సు పరిగెత్తుకొచ్చి, నోటి మీద వేలు పెట్టుకుని, చుట్టూ పడుకున్న రోగుల్ని చూపించింది.

మేం ఆపలేదు.